ఆఖరి వరుసకు పాట ఎలా చేరుతుంది?

కోనసీమలో ఏదైనా తీర్థానికి వెళ్ళి రాత్రి నాటకం చూసినవారికి ఈ సంగతి అనుభవమే. వేదిక పక్కనున్న కొబ్బరిచెట్టుకు ఒక హారను కడతారు. జనం వెనక, వీధి మొగలో ఉన్న చెట్టుకు ఇంకొక హారను కడతారు. మైకు ఒకటే, తీగ ఒకటే. అయినా వెనక హారను దగ్గర నిలబడి వింటే హరిశ్చంద్రుడి ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. ఎవరో ఒకరు "వినబడ్డంలేదు, సౌండు పెంచండి" అని కేకవేస్తారు. మైకుసెట్టు అతను పెంచుతాడు. అప్పుడు రెండు మాటలూ ఇంకా గట్టిగా వినబడతాయి తప్ప పద్యం మాత్రం అర్థం కాదు!

ఇది మన పల్లెల మైకుసెట్లకే ఉన్న లోపం అనుకోకండి. దేశదేశాలూ తిరుగుతూ, నగరానికొక చోట వేలాదిమంది ఎదుట పాడే యువ గాయక బృందాలను కూడా సరిగ్గా ఈ చిక్కే వేధించింది. వాళ్ళు దాన్ని ఎలా దాటారో తెలుసుకుంటే, ధ్వనిని గురించి మీరు తరగతిలో చదువుకున్నది ఎంత పనికివస్తుందో అర్థమవుతుంది.

ధ్వని నడక నెమ్మది

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వినడానికి ఇది పెద్ద వేగమే. కాని ఒక లెక్క వేసి చూడండి. కొవ్వూరు, రాజమహేంద్రవరం నడుమ గోదావరి మీద ఉన్న ఆర్చి రైలు వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. కొవ్వూరు చివర గంట కొడితే, ఆ ధ్వని అంత దూరమూ వినబడుతుందనే అనుకున్నా, ఇవతలి ఒడ్డుకు చేరడానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. అదే గంట మోతను రేడియో తరంగం మీద పంపితే సెకనులో లక్షో వంతు కాలంలో వచ్చేస్తుంది. అంటే తీగలో, రేడియోలో పాట మెరుపులా పోతుంది. గాలిలో పాట నడిచి వస్తుంది.

తీర్థంలో జరిగింది ఇదే. వేదిక దగ్గరి హారను మీకు 150 మీటర్ల దూరంలో ఉంది. వెనక హారను 20 మీటర్లలో ఉంది. తీగ రెండింటికీ ఒకే క్షణంలో పాట అందించింది. కాని దూరపు హారను పలుకు మీ చెవికి 130 మీటర్లు ఎక్కువ నడవాలి. అంటే సెకనులో మూడో వంతుకు పైగా ఆలస్యం. రెండు ధ్వనుల మధ్య సెకనులో పదో వంతు తేడా ఉంటే చాలు, చెవి వాటిని వేరువేరుగా గుర్తిస్తుంది గదా!

తమ పాట తమకే వినబడలేదు

1965 ఆగస్టు 15న న్యూయార్కులోని షే స్టేడియంలో బీటిల్స్ పాడారు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి చెందిన నలుగురు కుర్రవాళ్ళ బృందం అది. ఆనాడు వచ్చిన జనం దాదాపు 55,600 మంది. ఆ పర్యటన కోసం ప్రత్యేకంగా 100 వాట్ల ఆంప్లిఫయర్లు తయారుచేయించారు. వాళ్ళ గొంతులు మాత్రం స్టేడియంలో బేస్‌బాల్ ఆట ప్రకటనలకు వాడే లౌడుస్పీకర్లలో వినిపించాయి. అభిమానుల కేకల్లో పాట మునిగిపోయింది. జనం మాట అటుంచి, పాడేవాళ్ళకే తమ పాట సరిగా వినబడలేదు. మరుసటి ఏడాది, 1966 ఆగస్టు 29న, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఖరి ప్రదర్శన ఇచ్చి ఆ బృందం పర్యటనలు మానేసింది. అందుకు గల కారణాల్లో ఇదొకటి.

మరి ఇంకా పెద్ద ఆంప్లిఫయర్లు పెడితే సరిపోయేది కదా అంటారా? విలోమ వర్గ నియమాన్ని గుర్తుచేసుకోండి. ఒక చిన్న జనకం నుంచి అన్ని వైపులా వ్యాపించే ధ్వని, దూరం రెట్టింపయ్యేసరికి నాలుగో వంతుకు తగ్గుతుంది. 10 మీటర్ల దూరంలో ఉన్న మనిషికి ఎంత తీవ్రతతో వినబడుతుందో, 80 మీటర్ల దూరంలో ఉన్నవాడికి అందులో 64వ వంతు మాత్రమే చేరుతుంది. వెనకవాడికి సరిపడేలా శక్తిని 64 రెట్లు పెంచితే, ముందువాడి చెవులేం కావాలి? కాబట్టి కావలసింది ఎక్కువ ధ్వని కాదు. తగినచోటికి తగిన సమయానికి చేరే ధ్వని.

ఆలస్యంగా పలికే స్పీకర్లు

మొదటి ఉపాయం చాలా సులువైనది. వెనకవాళ్ళ కోసం జనం మధ్యలో స్తంభాలు నిలబెట్టి స్పీకర్లు పెడతారు. కాని తీర్థంలో హారనులా వాటిని వెంటనే పలకనివ్వరు. స్తంభం వేదికకు 68 మీటర్ల దూరంలో ఉందనుకోండి. వేదిక మీది ధ్వని అక్కడికి నడిచి రావడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. కనుక స్తంభానికి తీగలో వచ్చిన పాటను కూడా సెకనులో ఐదో వంతు ఆపి, అప్పుడు వదులుతారు. రెండూ కలిసి ఒకే పాటగా వినబడతాయి. ఇలా ఆపడానికి పాటను అంకెలుగా మార్చి యంత్రపు జ్ఞాపకంలో కొద్దిసేపు దాచిపెడతారు. 1973 జూలై 28న అమెరికాలో వాట్కిన్స్ గ్లెన్ అనేచోట సుమారు 6 లక్షలమంది చేరిన సంగీతోత్సవంలో ఈ పద్ధతే ఆదుకున్నది.

ఇందులో ఇంకొక చమత్కారం ఉంది. ఒకే ధ్వని రెండు దిక్కుల నుంచి వస్తే, ఏది ముందుగా చేరుతుందో ఆ దిక్కు నుంచే మొత్తం ధ్వని వస్తున్నట్లు మన మెదడు భావిస్తుంది. రెండోది సెకనులో ముప్పయ్యో వంతులోపు వస్తే చాలు; అది కొంచెం గట్టిగా ఉన్నా సరే. 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీన్ని ప్రయోగాలతో చూపాడు. అందుచేత స్తంభం స్పీకర్లను లెక్క ప్రకారం కావలసిన దానికన్నా మరి కాస్త ఆలస్యం చేస్తారు. అప్పుడు పాట పక్కనున్న స్తంభం నుంచే వస్తున్నా, వినేవాడికి వేదిక మీది గాయకుడే పాడుతున్నట్లు ఉంటుంది.

గాలి వేడెక్కిన కొద్దీ ధ్వని వేగం పెరుగుతుంది. ప్రతి సెల్సియస్ డిగ్రీకి సెకనుకు 0.6 మీటరు చొప్పున. సాయంత్రం ఎండలో సరిచూసిన లెక్క రాత్రి చల్లబడ్డాక కొంచెం మారుతుంది. అందుకే మంచి ధ్వని ఇంజనీరు తన పక్కన ఉష్ణమాపకం కూడా పెట్టుకుంటాడు.

అరటిగెల ఆకారం

ఇప్పటి పెద్ద ప్రదర్శనల చిత్రాలు చూస్తే వేదికకు రెండు పక్కలా పైనుంచి వేలాడే స్పీకర్ల వరుసలు కనబడతాయి. రావులపాలెం సంతలో వేలాడదీసిన అరటిగెల లాగా పైన నిటారుగా, కింద వంపు తిరిగి ఉంటాయి. ఈ తరహా వరుసలను 1992లో ఫ్రాన్సులోని ఎల్-అకూస్టిక్స్ సంస్థ తయారుచేసిన తరువాత అవి లోకమంతా వ్యాపించాయి.

ఒకదాని కింద ఒకటి దగ్గరగా పేర్చిన స్పీకర్ల నుంచి వచ్చే తరంగాలు నేరుగా ముందుకు పోయేటప్పుడు సంపీడనం మీద సంపీడనం పడి బలపడతాయి. పైకీ కిందికీ పోయేటప్పుడు సంపీడనం మీద విరళీకరణం పడి చాలావరకు చెరిగిపోతాయి. మీరు చదివిన వ్యతికరణమే ఇది. ఆ విధంగా ధ్వని పైకప్పు వైపు వృథాగా పోకుండా జనం మీదికే పోతుంది. గెల పైభాగం ఆఖరి వరుసకూ, కింది వంపు ముందు వరుసకూ గురిపెట్టి ఉంటుంది.

ఊరికొక హాలు

పర్యటనలో ఉన్న బృందానికి పాట మారదు గాని, హాలు ప్రతిసారీ మారిపోతుంది. హాలు కూడా ఒక వాద్యమే. గోడలు, కప్పు ధ్వనిని తిప్పికొడతాయి. పాట ఆగినా హాలు కాసేపు మోగుతూనే ఉంటుంది. దీన్ని ప్రతినాదం అంటారు. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాల ఇలాగే పనికిరాకుండా పోయింది. మాట్లాడిన మాట అయిదున్నర సెకన్లు మోగేది. వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడు రాత్రివేళల్లో అక్కడికి కుర్చీల మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలకు మోత ఎంత తగ్గుతుందో కొలిచి సూత్రం కనిపెట్టాడు. బట్టలు కట్టుకున్న మనుషులు కూడా మెత్తల లాంటివారే. ఖాళీ తరగతి గది మోగుతుంది. పిల్లలు నిండితే మోత తగ్గుతుంది. మధ్యాహ్నం ఖాళీ హాలులో సరిచేసిన ధ్వనిని రాత్రి జనం నిండాక మళ్ళీ సరిచేసుకోవడం ఇందుకే.

హాలు మొండికేస్తే ఏమవుతుందో లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలు చెబుతుంది. 1871లో ప్రారంభోత్సవం నాడే దాని ప్రతిధ్వని బయటపడింది. గుమ్మటం ఎత్తు సుమారు 40 మీటర్లు. ధ్వని పైకి పోయి కిందికి రావడానికి దాదాపు పావు సెకను. ఇక్కడ కచేరీ చేస్తే సంగీతకర్త తన కృతిని రెండుసార్లు వినవచ్చునని అక్కడివాళ్ళు హాస్యమాడేవారు. 1963లో బీటిల్స్ పాడినప్పుడూ ఆ హాలు అలాగే ఉంది. 1969లో గాజునార పళ్ళాలను వందకు పైగా కప్పు కింద వేలాడదీశారు. చూడడానికి అవి పుట్టగొడుగుల్లా ఉంటాయి. ధ్వని గుమ్మటం దాకా పోకుండా అవి మధ్యలోనే చెదరగొడతాయి.

ఆ హాలుకూ మన గోదావరికీ ఒక సంబంధం ఉంది. కొవ్వూరులో పుట్టిన ఎం.ఎం. కీరవాణి సంగీతం అక్కడ రెండుసార్లు మోగింది. 2019 అక్టోబరు 19న 'బాహుబలి', 2025 మే 11న 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రాలను ప్రదర్శిస్తూ, నేపథ్య సంగీతాన్ని వాద్యబృందం ఎదుటనే వాయించింది. ఆ పళ్ళాలు లేకపోతే ఆ మద్దెల దరువు ఒకటికి రెండుగా వినబడి తాళమే తప్పినట్లుండేది.

పాడేవాళ్ళ చెవిలో

మీ బడిలో హెడ్మాస్టరుగారు మాట్లాడబోతుంటే మైకు 'కూ' అని అరవడం ఎరిగినదే. స్పీకరు ధ్వని మైకులోకి, మైకు నుంచి మళ్ళీ స్పీకరులోకి తిరిగి తిరిగి పెరగడమే ఆ అరుపు. గాయకులు తమ పాట తాము వినడానికి ఎదుట స్పీకర్లు పెట్టుకున్నప్పుడు ఇదే బాధ ఉండేది. 1980ల చివర నుంచి చెవి కొలతకు పోతపోసిన చిన్న శ్రవణ సాధనాలు వచ్చాయి. రేడియో ద్వారా పాట నేరుగా చెవిలోకే వస్తుంది. బయటి కేకలు చాలావరకు ఆగుతాయి. 2019 జూన్ 1, 2 తేదీల్లో దక్షిణ కొరియాకు చెందిన ఏడుగురు యువకుల బృందం బి.టి.ఎస్. లండనులోని వెంబ్లీ స్టేడియంలో పాడింది. వాళ్ళు అంత పెద్ద మైదానంలో పరుగెత్తుతూ నాట్యం చేస్తూ ఒకే తాళంలో పాడగలగడానికి చెవుల్లోని ఆ సాధనాలే ఆధారం. షే స్టేడియంలో బీటిల్స్‌కు లేనిది అదే.

మరి మన వీధిలో?

ఇంత విజ్ఞానం పెరిగినా, మన ఊరేగింపుల్లో మాత్రం ఇంకా 1965 నాటి ఆలోచనే నడుస్తున్నది: వినబడకపోతే పెంచు! లారీ నిండా డి.జె. పెట్టెలు పేర్చి, వాటి ముందే పిల్లలు గంతులేస్తారు. ఒకసారి నిమజ్జనం మరునాడు మా తరగతిలో ఒక కుర్రవాడు పిలిస్తే పలకలేదు. అలక అనుకున్నాను. దగ్గరికి వెళితే, "చెవిలో గుయ్యిమంటోందండి, మీ మాట వినబడ్డంలేదు" అన్నాడు. రెండు రోజులకు తగ్గిందని సంతోషించాడు. నాకు మాత్రం సంతోషం కలగలేదు.

ఎందుకంటే, మన లోపలి చెవిలోని కర్ణావర్తంలో ధ్వనిని గ్రహించే రోమకణాలు పుట్టుకతో వచ్చినవే, సుమారు 15,000. పెద్ద మోతకు అవి పైరు గాలికి పడిపోయినట్లు వాలిపోతాయి. కొన్ని మళ్ళీ లేస్తాయి, కొన్ని చచ్చిపోతాయి. చచ్చినవి మళ్ళీ మొలవవు. గుయ్యిమనడం ఆగినంతమాత్రాన నష్టం జరగలేదని అర్థం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకూ తీవ్రత రెట్టింపవుతుంది గనుక, వ్యవధి సగానికి సగం తగ్గాలి. అలా 98 డెసిబెళ్ళ దగ్గర వారం మొత్తానికి దొరికేది సుమారు 37 నిమిషాలే! సంగీత ప్రదర్శనల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెళ్ళు దాటరాదని ఆ సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. మన దేశంలో 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు. ప్రత్యేకించి సడలించిన కొద్ది రోజుల్లో తప్ప, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడుస్పీకరు మోగకూడదు.

ఈసారి మీ వీధి ఉత్సవానికి మీరే ఇంజనీర్లు కండి. ఒక పెద్ద పెట్టెకు బదులు చిన్నవి రెండు మూడు ఎత్తుగా కట్టి, జనం వైపు వంచమనండి. పెట్టెకు ఎదురుగా కాక దూరంగా నిలబడండి. దూరం రెట్టింపయితే తీవ్రత బాగా తగ్గుతుందని మీకు తెలుసు.

మీరు చేసి చూడండి

కాలువ రేవులో బట్టలు ఉతికేవారికి ఎదురుగా గట్టు మీద దూరంగా నిలబడండి. బండ మీద బట్ట పడడం కంటికి ముందు కనబడుతుంది, చప్పుడు తరువాత వినబడుతుంది. మీరు వెనక్కి నడిచిన కొద్దీ ఆ తేడా పెరుగుతుంది. చప్పుడు అర సెకను ఆలస్యంగా వినబడుతున్నదని తోచినచోట ఆగి, రేవు దాకా అడుగులు కొలవండి. సుమారు 170 మీటర్లు రావాలి. వచ్చిందా? అయితే ప్రపంచం చుట్టివచ్చే బృందాల వెనక ఉన్న మొదటి లెక్క మీ చేతికి చిక్కినట్లే.