సైబీరియా కాదు, మన ఊరే

సైబీరియా అతిథుల మీద ముఖచిత్ర కథనం, శుక్రవారం సాయంత్రానికి కావాలి అన్నారు ఎడిటర్. టెక్కలి మండలం తేలినీలాపురం చేరేదాకా ఆ ‘సైబీరియా’ మీద నాకూ అనుమానం రాలేదు. చింతచెట్టు కొమ్మ మీద గూడబాతు సంచి నోరు తెరిచింది, పిల్ల అందులోకి తలదూర్చి చేప తింది. అప్పుడు మొదలైంది అనుమానం.

చలికి తాళలేక ఉత్తర దేశాల నుంచి వచ్చే పక్షి ఇక్కడ తిండి తింటుంది, కాలం మారగానే వెళ్లిపోతుంది. గుడ్లు మాత్రం సొంత నేల మీదే పెడుతుంది. మరి ఈ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు? వానలు తగ్గే వేళకు వచ్చి, పుల్లలు ఏరి, గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వేసవి మొదట్లో వెళ్తాయి. మచ్చల ముక్కు గూడబాతు, అంటే మన పెలికాన్, గూడు కట్టేదే భారత్, శ్రీలంక, కంబోడియా వైపు. సైబీరియాతో దానికి చుట్టరికమే లేదు. ఊరివాళ్లు వీటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. పర్యాటక ప్రచారాలన్నిటికన్నా ఆ మాటే నిజానికి దగ్గర.

ఇది పేరు తగాదా కాదు. పరదేశపు పక్షులైతే మార్చి దాటాక మన పూచీ తీరినట్టే. మనవే అయితే అవి చేపలు పట్టే చెరువులు, నౌపడ చిత్తడి నేలలు ఏడాది పొడవునా మన పూచీ. 2021 డిసెంబరు నుంచి కొద్ది వారాల్లోనే ఇక్కడ వందకు పైగా పెద్ద పెలికాన్లు చచ్చిపోయాయి. చేపలతో కడుపులోకి చేరిన నులిపురుగులే కారణమని తేలింది. ఆ చావు మన నీళ్లలోంచే వచ్చింది.

చూడ్డానికి వెళ్లేవాళ్లు అటవీశాఖ వాచ్‌టవర్ ఎక్కి చూడండి. ఫొటో కోసం చెట్టు కింద చప్పట్లు కొడితే తల్లి లేస్తుంది. ఈకలు రాని పిల్ల ఎండకు మాడుతుంది, గుడ్డు కాకి పాలవుతుంది.

చరిత్ర క్లుప్తంగా: 1946లో పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి ఆరేడులో పెద్ద పెలికాన్ స్థావరం చూసి లోకానికి చెప్పారు. తర్వాత అది ఖాళీ అయిపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరంలోని ఉద్దానం తోటల్ని కూల్చింది. చెట్టు పోతే ఏం పోతుందో ఈ తీరానికి ఒకరు చెప్పక్కర్లేదు.

నీళ్లలోనూ అదే మర్యాద

2021 డిసెంబరులోనే విశాఖ తంతడి తీరానికి కొట్టుకొచ్చిన వేల్ షార్క్‌ను అటవీశాఖ, మత్స్యకారులు కలిసి సముద్రంలోకి మళ్లించారు. 2001 నుంచి చట్టం దానికి పులితో సమానమైన రక్షణ ఇస్తోంది. ఆస్ట్రేలియా నింగలూలో దానితో ఈదాలంటే ఒకసారి పదిమందే దిగాలి, కనీసం మూడు మీటర్ల ఎడం పాటించాలి, ముట్టుకోకూడదు. ఫిలిప్పీన్స్ ఓస్లోబ్‌లో మాత్రం పర్యాటకుల కోసం మేత వేసి రప్పిస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. గుజరాత్‌లో ప్రవచనకారుడు మొరారీ బాపు ఈ షార్క్‌ను పురిటికి పుట్టింటికొచ్చిన కూతురన్నారు, అచ్చం తేలినీలాపురం మాటే. అక్కడి జాలర్లు అది వలలో చిక్కితే వల కోసి వదిలేస్తున్నారు. తెగిన వలకు అటవీశాఖ పరిహారం ఇస్తోంది.