మాత్ర మింగిన తరువాత

పిల్లలూ, జ్వరం వచ్చినా, తలనొప్పి వచ్చినా మన ఇళ్ళలో వేసే మందు పారాసిటమాల్. మరి జ్వరం తగ్గిన తరువాత ఆ మందు ఏమవుతుంది? దాన్ని ఒంట్లోంచి సాగనంపే పని కాలేయానిది.

కాలేయం కుడివైపున పక్కటెముకల చాటున ఉన్నది. పెద్దవారిలో దాని బరువు సుమారు ఒకటిన్నర కిలో. దాని కణాలలో ఎంజైములనే పనివాళ్ళున్నారు. ఒక పదార్థాన్ని మరొకటిగా త్వరత్వరగా మార్చటమే వీరి పని. కొన్ని ఎంజైములు ఈ మందుకు గ్లూకోజు నుంచి తయారైన ఒక ఆమ్లాన్ని జతచేస్తాయి. మరికొన్ని గంధకం కలిసిన సల్ఫేటును జతచేస్తాయి. అప్పుడు మందు నీటిలో సులువుగా కరిగి, మూత్రంతో బయటికి పోతుంది. నూటికి 85 నుంచి 90 పాళ్ళు ఈ రెండు దారులనే పోతుంది.

నూటికి 5 నుంచి 10 పాళ్ళు మాత్రం మూడవ దారి పడుతుంది. అక్కడ వేరే ఎంజైములు దాన్ని విషంగా మారుస్తాయి! అయినా భయం లేదు. కాలేయంలో గ్లూటాథయోన్ అనే పదార్థం నిలవ ఉంటుంది. విషం పుట్టీపుట్టగానే అది పట్టుకుని నిరపాయం చేస్తుంది.

మోతాదు మించితే ఏమవుతుంది? మొదటి రెండు దారులూ చాలక, మూడవ దారిన పోయే మందు ఎక్కువవుతుంది. గ్లూటాథయోన్ ఖర్చయిపోతుంది. కొత్తది తయారయ్యేలోగా విషం కాలేయ కణాలకే అంటుకుని వాటిని చంపుతుంది.

ఈ ప్రమాదాన్ని 1966లో స్కాట్లండులోని ఎడిన్‌బరో వైద్యులు ప్రకటించారు. విషం పుట్టే తీరును 1973లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలలో కనిపెట్టారు. దానితో విరుగుడు కూడా దొరికింది. దాని పేరు ఎసిటైల్ సిస్టీన్. అది కాలేయానికి గ్లూటాథయోన్ తయారుచేసుకునే సరుకు అందిస్తుంది. మందు ఎక్కువగా మింగిన 8 గంటలలోపల ఇస్తే చాలా బాగా పనిచేస్తుంది.

కాని ఒక చిక్కున్నది. మొదటి రోజున మనిషి మామూలుగానే కనిపించవచ్చు. కాలేయం చెడిన సంగతి రెండు మూడు రోజులకు గాని బయటపడదు. అందుచేత మోతాదు మించిందని తెలిస్తే, "బాగానే ఉన్నాడు గదా" అని ఊరుకోరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాముల మందున్న సీసాలూ, 250 ఉన్న సీసాలూ దొరుకుతాయి. కనుక సీసా మారితే చీటీ మళ్ళీ చదవండి. వంటింటి చెంచాతో కాక, సీసాతో వచ్చిన కొలతతోనే పోయండి. జలుబు మందులు చాలావాటిలో కూడా పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి ఇస్తే మోతాదు తెలియకుండానే రెట్టింపవుతుంది. ఇచ్చిన వేళను కాగితం మీద రాసిపెట్టండి. నాలుగు గంటలు గడవనిదే మళ్ళీ ఇవ్వకండి.

పిల్లలూ, పెద్దలు ఇవ్వనిదే మీరు ఏ మాత్రా నోట వేసుకోకండి. కాలేయం మనకు మంచి కావలివాడే. కాని అతని దగ్గరున్న నిలవకు ఒక హద్దున్నది.