మాంత్రిక విద్యార్థుల పరీక్షలు

ఆంగ్ల రచయిత్రి జె. కె. రౌలింగు వ్రాసిన హ్యారీ పాటర్ నవలలు 1997 నుండి 2007 వఱకు ఏడు సంపుటములుగా వెలువడినవి. వానియందు హాగ్వార్ట్స్ అను మాంత్రిక విద్యాలయము కలదు. అచ్చటి బాలబాలికలు మంత్రములు, మూలికలు, ఔషధ పానీయములు, నక్షత్ర శాస్త్రము మున్నగునవి అభ్యసింతురు. మంత్రదండము చేత నున్నను వారికి పరీక్షల బాధ తప్పలేదు!

ఆ విద్యాలయమున చదువు ఏడేండ్లు. ఐదవ యేటి చివర జరుగు పరీక్షకు ‘ఆర్డినరీ విజార్డింగ్ లెవెల్’ అని పేరు. ఆ మాటల మొదటి యక్షరములను కూర్చినచో ఆంగ్లమున ‘ఔల్’, అనగా గుడ్లగూబ యగును. ఏడవ యేటి పరీక్ష పేరును ఇట్లే కుదించినచో ‘న్యూట్’ అగును. అది బల్లిని పోలిన యొక ఉభయచరము. ఈ హాస్యము వెనుక నిజమైన విద్యావిధాన మొకటి కలదు. ఇంగ్లండులో 1951లో ‘ఆర్డినరీ లెవెల్’, ‘అడ్వాన్స్‌డ్ లెవెల్’ అను రెండంచెల పరీక్షలు ఏర్పడెను. మొదటిది సుమారు పదునాఱేండ్ల ప్రాయమునను, రెండవది పదునెనిమిదేండ్ల ప్రాయమునను వ్రాయునట్టివి. 1988లో ఆ దేశమున మొదటి దాని స్థానమును వేఱొక పరీక్ష యాక్రమించెను. అయినను కేంబ్రిడ్జి వారు ఇతర దేశములలో దానిని నేటికిని జరుపుచున్నారు. 1965లో జన్మించిన రౌలింగు చదువుకొను దినములలో ఆ పాత పరీక్షయే అమలులో నుండెను.

కథలోని పరీక్ష రెండు వారములు సాగును. ఉదయము వ్రాతపరీక్ష, మధ్యాహ్నము ప్రయోగపరీక్ష. నక్షత్ర శాస్త్ర ప్రయోగము మాత్రము రాత్రివేళ జరుగును. పరీక్షకులు వెలుపలినుండి వత్తురు. తమంతట తామే సమాధానములు వ్రాయు కలములు నిషిద్ధములు. ఉత్తీర్ణతకు మూడు శ్రేణులు కలవు: అత్యుత్తమము, ఆశించినదానికి మించినది, అంగీకార్యము. తప్పినవారికిని మూడు శ్రేణులే. వానిలో కడపటి దానికి మందబుద్ధులైన యొక రాక్షసజాతి పేరు పెట్టబడెను!

ఎలుకకు నారింజరంగు కల్పింపవలసిన హ్యారీ మంత్రము తడబడి దానిని భయంకరముగ ఉబ్బించెను. అయినను మంత్రవిద్యలో అతనికి రెండవ శ్రేణి లభించెను. చరిత్రలో తప్పెను. వేసవిలో గుడ్లగూబలు ఫలితముల లేఖలను తెచ్చినవి. అతడు ఏడు విషయములలో ఉత్తీర్ణుడయ్యెను. కాని యతనికి కొంత విచారము మిగిలెను. దుష్ట మాంత్రికులను పట్టుకొను ‘ఆరరు’ ఉద్యోగము అతని కోరిక. దానికి పానీయ విద్యలో పైపరీక్ష అవసరము. ఆ విద్య బోధించు స్నేపు అత్యుత్తమ శ్రేణి పొందినవారినే పైతరగతిలో చేర్చుకొనును. హ్యారీకి వచ్చినది రెండవ శ్రేణి. ఒక్క మెట్టు తగ్గినందున దారి మూసికొనిపోయెను. అయితే మఱునాటి సంవత్సరము ఉపాధ్యాయుడు మాఱెను. క్రొత్తగా వచ్చిన స్లగ్‌హార్ను రెండవ శ్రేణివారిని సైతము చేర్చుకొనెను. ఆశ వదలుకొని పుస్తకమైనను కొనని హ్యారీ, పాతపుస్తక మొకటి యెరవు తెచ్చుకొని తరగతిలో కూర్చుండెను.

అతని మిత్రుని యన్నలు, కవలలగు ఫ్రెడ్, జార్జి మూడేసి విషయములలో మాత్రమే గట్టెక్కిరి. తల్లి మిక్కిలి చింతించెను. వారు పైపరీక్ష వ్రాయకయే బడి విడిచి, వినోద వస్తువుల దుకాణము తెఱచిరి. ఆ వీథిలో తక్కిన అంగళ్లు భయముతో మూతపడుచుండగా, వారి దుకాణమున జనము క్రిక్కిఱిసి యుండెను.