ఒకరు రాసిన ప్రోగ్రాము పదిమందికి: మా ‘అంకణం’ అనుభవం



మన నెల్లూరు జిల్లాలో ఇంటి స్థలం మాట వస్తే “మాది పద్దెనిమిది అంకణాలు” అంటారు. పట్టా కాగితంలో చూస్తే సెంట్లుంటాయి. బ్యాంకుకు పోతే చదరపు అడుగులు అడుగుతారు. రొయ్యల గుంటల కౌలు ఎకరాల్లో నడుస్తుంది. మైపాడు, కృష్ణపట్నం వైపు నుంచి వచ్చిన మాలో చాలామందికి ఇంటి దగ్గర నుంచి ఫోను వచ్చిందంటే అందులో ఈ లెక్క ఒకటి ఉండేది: “అబ్బయా, మూడు సెంట్లంటే ఎన్ని అంకణాలురా?”

లెక్క కష్టమైనదేం కాదు. ఎకరానికి 100 సెంట్లు, అంటే 43,560 చదరపు అడుగులు. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అనగా 8 చదరపు గజాలు. కాబట్టి ఎకరానికి సరిగ్గా 605 అంకణాలు, సెంటుకు 6.05. మూడు సెంట్లు 18.15 అంకణాలవుతుంది. ప్రతిసారీ కాగితం మీద వేయడం విసుగనిపించి, డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్న మేము నలుగురం దీన్ని జావాస్క్రిప్టులో ఒక చిన్న ప్రోగ్రాముగా రాశాం. మొత్తం పదిహేను వరుసలు. దాన్ని మా దగ్గరే ఉంచుకోక అందరూ వాడుకునే చోట ఎలా పెట్టామో, పెట్టిన తరువాత ఏమైందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రోగ్రాములు రాసేవాళ్లు ప్రతిదీ మొదటి నుంచి రాయరు. తేదీ లెక్కలు, బొమ్మ చిన్నది చేయడం వంటి పనులకు ఎవరో ఒకరు ఇదివరకే రాసిన ముక్క తెచ్చుకుని తమ ప్రోగ్రాములో అతికించుకుంటారు. అటువంటి ముక్కను ప్యాకేజీ అంటారు. జావాస్క్రిప్టు ప్యాకేజీలన్నీ దొరికే పెద్ద అంగడి పేరు ఎన్‌పీఎమ్. పైథాన్ భాషకు పై-పీ-ఐ అని వేరే ఉంది. అంగడి అన్నాం గానీ అందరికీ తెరిచి ఉంచిన ప్యాకేజీలకు అక్కడ పెట్టేవాడూ డబ్బు కట్టనక్కర లేదు, తీసుకునేవాడూ కట్టనక్కర లేదు.

ఈ పద్ధతిలో మన తెలుగుకు జరిగిన మేలు చాలామందికి తెలియదు. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో ఈనాడు వంటి పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి. ఆ ఫాంటు లేకపోతే తెరమీద పిచ్చి గుర్తులు కనిపించేవి. వెన్న నాగార్జున గారు ఆ అక్షరాలను యూనికోడు తెలుగులోకి మార్చే ‘పద్మ’ అనే పనిముట్టును తయారుచేసి, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు యాడ్-ఆన్‌గా అందరికీ ఇచ్చారు. కోడు కూడా దాచుకోలేదు. ఆ పద్మ కోడును ఆధారం చేసుకునే వీవెన్ గారు ‘లేఖిని’ని తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు వచ్చే ఆ పేజీ మీదనే ఎందరో మొదటిసారి కంప్యూటరులో తెలుగు రాశారు. పద్మ రాసినవారు కోడును తన దగ్గరే పెట్టుకుని ఉంటే, లేఖిని రాసేవారు ఆ అక్షరాల పనంతా మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చేది.

ఇక మా సంగతి. పెట్టడం నిజంగా అరగంట పని. ఎన్‌పీఎమ్‌లో ఒక ఖాతా తెరవాలి. ఇంకెవరూ వాడని పేరు చూసుకోవాలి. ప్యాకేజ్ డాట్ జేసన్ అనే ఫైలులో పేరు, వెర్షను నంబరు, లైసెన్సు రాయాలి. లైసెన్సు రాయకపోతే చట్ట ప్రకారం మన కోడును ఇంకొకరు వాడుకోవడానికి అనుమతి లేనట్టే. మేము ఎమ్ఐటీ లైసెన్సు పెట్టాం. మా పేరు తీసేయకుండా ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చని దాని సారాంశం. రీడ్‌మీ అనే ఫైలులో ఎలా వాడాలో రాసి, ‘ఎన్‌పీఎమ్ పబ్లిష్’ అని కొడితే సరి. 1.0.0 అని మా మొదటి వెర్షను తెరమీద కనిపించిన రాత్రి హాస్టలు మెస్సులో మేము చేసిన హడావుడి వార్డెన్ గారిదాకా పోయింది!

మూడు వారాలకు తిరుపతి వైపు మిత్రుడొకడు ఫోను చేశాడు. వాళ్ల నాన్న 40 అంకణాల స్థలం అమ్మకానికి మాట్లాడుతున్నాడు. మా ప్రోగ్రాములో వేస్తే 2,880 చదరపు అడుగులు వచ్చింది, దస్తావేజులో చూస్తే 1,440 ఉంది. అడుగుల లెక్కన బేరం మాట్లాడబోయి, దస్తావేజు తీసి చూశారు కాబట్టి సరిపోయింది. తప్పు ఎక్కడుందో మాకు ఆ రాత్రంతా అర్థం కాలేదు. తీరా పెద్దవాళ్లను అడిగితే, తిరుపతి వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులేనట! మేము 72 అన్న అంకెను ఏ ప్రశ్నా లేకుండా కోడులో రాసేశాం. రీడ్‌మీలో ‘నెల్లూరు అంకణం’ అన్న మాట కూడా లేదు. మా ఊరి కొలతే లోకమంతా కొలత అనుకున్నాం.

దిద్దుదామంటే అక్కడ ఇంకో సంగతి తెలిసింది. ఒకసారి పెట్టిన వెర్షనును అదే నంబరుతో మార్చి పెట్టనివ్వరు. తీసేద్దామంటే 72 గంటలు దాటితే షరతులు కఠినం. (ఈ 72 మమ్మల్ని వదిలేలా లేదు.) ఆ షరతులకు కారణం 2016 మార్చిలో జరిగిన ఒక సంఘటన. ‘లెఫ్ట్-ప్యాడ్’ అని 11 వరుసల ప్యాకేజీ ఉండేది. అక్షరాల వరుసకు ఎడమ పక్కన ఖాళీలో, సున్నాలో చేర్చి పొడవు సరిచేయడం తప్ప అది చేసే పనేమీ లేదు. దాన్ని రాసినతను ఒక పేరు విషయంలో వచ్చిన తగాదాలో కోపగించి తన ప్యాకేజీలన్నిటినీ తీసేశాడు. దానిమీద నేరుగానో పరోక్షంగానో ఆధారపడ్డ ప్రోగ్రాములు ప్రపంచమంతటా తయారుకాకుండా ఆగిపోయాయి. కొద్ది గంటల్లోనే ఎన్‌పీఎమ్ వాళ్లు దాన్ని తిరిగి పెట్టారు. ఆ తరువాతే ఇష్టం వచ్చినప్పుడు తీసేసే వీలు లేకుండా నియమాలు మార్చారు.

కాబట్టి మాకు మిగిలింది కొత్త వెర్షను. వెర్షనులోని మూడు అంకెలకు ఒక్కొక్క అర్థం ఉంది. చిన్న తప్పు దిద్దితే చివరి అంకె, పాతదాన్ని చెడగొట్టకుండా కొత్త సౌకర్యం చేరిస్తే మధ్య అంకె, పాత పద్ధతిలో వాడేవాళ్ల ప్రోగ్రాము ఆగిపోయేటంత మార్పు చేస్తే మొదటి అంకె పెంచాలి. మాలో ఇద్దరు 1.0.1 చాలు, ప్రాంతం చెప్పకపోతే నెల్లూరు అనుకుందాం అన్నారు. మిగతా ఇద్దరం ఒప్పుకోలేదు. చెప్పకపోతే ఏదో ఒకటి అనుకోవడం వల్లనే కదా ఆ స్థలం లెక్క రెట్టింపయింది! చివరకు ప్రాంతం చెప్పనిదే జవాబు ఇవ్వకుండా మార్చి 2.0.0 గా పెట్టాం. పాతదానికి ‘డిప్రికేట్’ గుర్తు తగిలించాం. దాన్ని తెచ్చుకునేవాళ్లకు ఇప్పుడు హెచ్చరిక కనిపిస్తుంది.

పెట్టడం అరగంట అన్నాం. చూసుకోవడానికి మాత్రం అంతు లేదు. పద్మ సంగతే చూడండి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతిలో రాసిన యాడ్-ఆన్‌లు ఏవీ అందులో పనిచేయలేదు. కొత్త పద్ధతిలో తిరిగి రాసుకున్నవే నిలిచాయి. పద్మ పుట్టింది ఆ పాత పద్ధతిలోనే. కోడులో తప్పేమీ లేకపోయినా కింద నేల కదిలింది. లేఖిని మామూలు వెబ్ పేజీ కాబట్టి దానికి ఆ దెబ్బ తగలలేదు.

చూసుకునే ఓపిక లేక ఇంకొకరికి ఇచ్చేస్తే? అదీ జరిగింది. 2018లో ‘ఈవెంట్-స్ట్రీమ్’ అనే ప్యాకేజీని రాసినతను, నేను చూసుకుంటానని అడిగిన ముక్కూమొహం తెలియని మనిషికి హక్కులిచ్చేశాడు. వారానికి లక్షలసార్లు జనం తెచ్చుకునే ప్యాకేజీ అది. తీసుకున్నవాడు బిట్‌కాయిన్ డబ్బు దొంగిలించే కోడును అందులోకి రహస్యంగా చేర్చాడు. మొదటతను చెడ్డవాడని మేము అనలేం. జీతం లేని పని, తను వాడటం కూడా మానేశాడు, సాయం చేస్తానంటే సంతోషించి ఉంటాడు.

ఈ భయం ఇప్పుడు మాకూ ఉంది. ఫైనలియర్ వాళ్లం పరీక్షలు కాగానే గదులు ఖాళీ చేస్తాం. ఎవరికి ఏ ఉద్యోగం వస్తుందో, ఎక్కడ ఉంటామో తెలియదు. ప్యాకేజీ ఖాతా మాలో ఒకడి ఈమెయిలు మీద, వాడి ఫోనుకు వచ్చే కోడు మీద నడుస్తోంది. ఆ ఫోను పోతే మేమే లోపలికి పోలేం. అందుకని జూనియర్లలో ఇద్దరిని సహ యజమానులుగా చేర్చాలని నిర్ణయించాం. ఒక్కరు చాలరు, ఇద్దరు కావాలి. జావాస్క్రిప్టు బాగా వచ్చి ఉండాలని లేదు, మేము వెళ్లేలోపు నేర్పుతాం.

ఆసక్తి ఉన్నవాళ్లు ఆదివారం టిఫిన్ తరువాత స్టడీ రూముకు రండి. వచ్చే ముందు మీ ఊళ్లో అంకణానికి ఎన్ని అడుగులో ఇంటికి ఫోను చేసి మీ తాతనో నాయననో అడగండి. ఊరి పేరు, మండలం, అడుగుల లెక్క ఒక కాగితం మీద రాసుకుని తెండి. ఇప్పటివరకు మా ప్రోగ్రాములో రెండు ప్రాంతాలే ఉన్నాయి.