ఎకో తీయించారా?

ఉమ్మడి కృష్ణా జిల్లా జనాభా 2011 లెక్కల్లో 45.17 లక్షలు. మన రాష్ట్రంలో ప్రతి వెయ్యి మంది జనాభాకు ఏటా దాదాపు 16 మంది పిల్లలు పుడుతున్నారు. ఈ రెండింటినీ కలిపి లెక్కేస్తే తిరువూరు నుంచి దివిసీమ దాకా ఏడాదికి సుమారు 72 వేల కాన్పులు. పుట్టే పిల్లల్లో 800 నుంచి 1,000 మందికి ఒకరిలో డౌన్ సిండ్రోమ్ ఉంటుందని వైద్యులు చెబుతారు. ఆ లెక్కన ఈ ఒక్క ప్రాంతంలోనే ఏటా 70 నుంచి 90 ఇళ్లలో అలాంటి బిడ్డ పుడుతుండాలి. ఇది కాగితం మీద వేసిన అంచనాయే, ఆసుపత్రి రికార్డు కాదు. అయినా నెలకు ఆరేడు ఇళ్లు. ఆ ఇళ్లలో చాలాచోట్ల ముందుగా వినిపించే మాట ఒకటే: "ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?"

దానికి జవాబు ముందే చెప్పేస్తాను: చాలావరకు ఎవరి వైపు నుంచీ కాదు. ఆ మాట పట్టుకుని పోట్లాడుకునే రోజులు బిడ్డకు చాలా విలువైనవి.

మన కణాల్లో 46 క్రోమోజోములు, 23 జతలుగా ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలో 21వ క్రోమోజోము రెండు కాక మూడు ఉంటుంది. మొత్తం 47. ఈ లక్షణాలను 1866లో వివరించిన ఇంగ్లండ్ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ పేరే దీనికి వచ్చింది. అదనపు క్రోమోజోము సంగతి 1959లో పారిస్ పరిశోధకులు బయటపెట్టారు. నూటికి 95 మందిలో ఇది అండమో వీర్యకణమో తయారయ్యే సమయంలో జత సరిగా విడిపోకపోవడం వల్ల జరుగుతుంది. తల్లి తిన్న తిండి, ఎత్తిన బరువు, గ్రహణం రోజున కదలడం, ఇవేవీ కారణం కావు. మేనరికమూ కాదు. దగ్గరి బంధువుల పెళ్లిళ్ల వల్ల కొన్ని వేరే జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుందన్నది నిజం. ఆ మాటే ఇక్కడికీ పాకి, మేనమామను చేసుకున్న తల్లిని బోనులో నిలబెడుతోంది. అన్యాయం.

తల్లి వయసు ప్రభావం ఉంది. 25 ఏళ్ల తల్లికి దాదాపు 1,250 కాన్పుల్లో ఒకసారి, 35కి 350లో ఒకసారి, 40కి 100లో ఒకసారి. దీన్ని బట్టి ఇది పెద్ద వయసు తల్లుల సమస్య అనుకుంటారు. ఊహకి ఒక లక్ష కాన్పులు తీసుకుందాం. అందులో 95 వేలు 35 ఏళ్ల లోపు తల్లులవి, వారిలో వెయ్యికి ఒకరు అనుకుంటే 95 మంది పిల్లలు. మిగతా 5 వేల మంది పెద్ద వయసు తల్లుల్లో 200కి ఒకరు అనుకున్నా 25 మందే. చిన్న వయసులోనే పిల్లల్ని కనే మన దగ్గర ఈ బిడ్డల తల్లుల్లో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవారే.

గర్భంలో చేసే రక్తపరీక్ష గురించి ఒక్క మాట. రిపోర్టులో 1:250 అని ఉంటే, అదే ఫలితం వచ్చిన 250 మందిలో 249 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉండదని అర్థం. అది అనుమానమే. ఖాయం చేసేది ఉమ్మనీటి పరీక్ష వంటివే. పుట్టిన తర్వాతైతే బిడ్డ రక్తంతో క్రోమోజోముల పరీక్ష (కారియోటైప్) చేయించాలి. నూటికి ముగ్గురు నలుగురిలో ఆ అదనపు ముక్క వేరే క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. అలాంటప్పుడు తల్లిదండ్రులకూ పరీక్ష అవసరం, తర్వాతి కాన్పు లెక్క దాని మీదే ఆధారపడుతుంది. మామూలు రకమైతే మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి దగ్గర.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన అంకె: 6 నెలలు.

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. పై గదుల మధ్య, కింది గదుల మధ్య గోడ పూర్తిగా కట్టుకోకపోవడం వీరిలో తరచూ కనిపిస్తుంది. అది పెద్దదైతే ఊపిరితిత్తులకు అవసరానికి మించి రక్తం పోతుంది. బిడ్డ పాలు తాగుతూ నుదుటి మీద చెమటలు కక్కుతాడు, రెండు గుక్కలకే అలిసి వదిలేస్తాడు, బరువు పెరగడు. కొన్నాళ్లకు ఊపిరి నెమ్మదించి "కాస్త తేరుకున్నాడు" అనిపించవచ్చు. భయపడాల్సింది అప్పుడే. ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి, రక్తపు ఉరవడి తగ్గడం వల్లా అలా అనిపించవచ్చు. ఆ గట్టిదనం ముదిరితే ఆపరేషన్‌కు దారి మూసుకుపోతుంది. అందుకే పెద్ద లోపాలకు ఆరు నెలల లోపు ఆపరేషన్ మంచిదంటారు. స్టెతస్కోపుతో వింటే ఏమీ వినిపించకపోయినా లోపం ఉండొచ్చు కాబట్టి డౌన్ సిండ్రోమ్ ఉన్న ప్రతి పసికందుకూ గుండె స్కాన్, అంటే ఎకో, తీయాలి. మన 70–90 మంది లెక్కలో 35 నుంచి 45 మంది గుండె ఈ ఒక్క పరీక్ష కోసం ఎదురుచూస్తోంది. డబ్బు భయంతో ఆగనక్కర్లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో వచ్చిన ఆర్‌బీఎస్‌కే పథకం పరీక్షించాల్సిన 30 సమస్యల్లో డౌన్ సిండ్రోమ్ పేరు రాసే ఉంది.

అమెరికాలో 1983లో ఈ పిల్లల సగటు ఆయుష్షు 25 ఏళ్లు. ఇప్పుడు 60 దగ్గర. క్రోమోజోము మారలేదు. గుండె ఆపరేషన్లు అందాయి, పిల్లలు ఆశ్రమాల్లో కాకుండా ఇళ్లలో పెరిగారు.

థైరాయిడ్ పరీక్ష పుట్టగానే, 6 నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా చేయించాలి. మొదటిసారి బాగుందని ఆపేస్తే పొరపాటు. చెవి, కన్ను కూడా అంతే. నూటికి 75 మంది దాకా పిల్లలకు వినికిడిలో ఏదో లోపం కనిపిస్తుంది, చాలావరకు కర్ణభేరి వెనక నీరు చేరడం వల్ల. సరిగా వినపడని పిల్లాణ్ని "మాట వినడు" అనేస్తాం.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచడం మన ఇళ్ల ఆచారం. ఈ బిడ్డల ఒళ్లు, కీళ్లు వదులుగా ఉంటాయి. అందుకే బొబ్బట్లు అయిదో నెల బదులు ఏడెనిమిది నెలలకు, అరిసెలు ఏడాది బదులు సగటున రెండేళ్లకు. కొందరికి మూడేళ్లు దాటుతుంది. ఆలస్యమైందని పంచడం మానేసే ఇళ్లుంటాయి. దయచేసి పంచండి. నా మటుకు ఫిజియోథెరపీ కంటే అదేం తక్కువ మందు కాదు.

థెరపీ కోసం అవనిగడ్డ నుంచి విజయవాడ రావాలంటే 60 కిలోమీటర్లకు పైగా బస్సు ప్రయాణం, ఒక రోజు కూలి. వారానికి రెండుసార్లు ఎవరి వల్ల అవుతుంది? నేర్చుకున్న వ్యాయామం ఇంట్లో రోజూ పది నిమిషాలు చేయించడమే అసలు థెరపీ. స్నానం చేయించే నానమ్మకు నేర్పితే చాలావరకు పని జరుగుతుంది. మాట ఆలస్యమవుతుంది కానీ అర్థం చేసుకోవడం అంతకంటే ముందుంటుంది. వీళ్లు విన్నదాని కంటే చూసినదాన్ని బాగా పట్టుకుంటారు. గ్లాసు చూపిస్తూ "నీళ్లు" అనండి, చేత్తో సైగ కూడా చేయండి. ఇంగ్లిష్ మీడియం బడి కోసం ఇంట్లో తెలుగు మానేయాల్సిన పని లేదు. బిడ్డకు ముందు కావాల్సింది అమ్మ నోట వచ్చే భాష.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరలోని బడిలోనో, ప్రత్యేక పాఠశాలలోనో ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన మేధో వైకల్యాల జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, ఈ పిల్లలకు నేర్పే టీచర్లను తయారు చేస్తోంది.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ తీసుకోవడానికి చాలామంది జంకుతారు, బిడ్డ నుదుట ముద్ర వేసినట్టు ఉంటుందని. 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలైన దివ్యాంగుల పింఛను ఆ కాగితం లేకుండా రాదు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చులకు కూడా.

18 నిండిన రోజున చట్టం దృష్టిలో ఆ బిడ్డ మేజర్. సంతకానికి, ఆస్తికి తోడు అవసరమైతే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి సంరక్షకుడి కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. జిల్లాలు విడిపోయిన 2022 ఏప్రిల్ నుంచి విజయవాడ వాళ్లు ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్‌కు, గుడివాడ, అవనిగడ్డ వాళ్లు మచిలీపట్నం వెళ్లాలి. కాగితాలు 17వ ఏట నుంచే సిద్ధం చేసుకోండి.