ఏటికి చివర మా దివిసీమ

ఈ పత్రికలో ఏదో ఒక జబ్బు పేరు పైన పెట్టి దాని గురించి చెప్పుకోవడం మనకు అలవాటు. ఈసారి ఒక ఊరిని పరిచయం చేస్తున్నాం. జబ్బు మాట కూడా వస్తుంది గానీ దారిలో వస్తుంది.

మేమంటే, కృష్ణా జిల్లా దివిసీమ నుంచి బ్రతుకుతెరువు కోసం వచ్చి సంతోష్‌నగర్, చంపాపేట, సైదాబాదు చుట్టుపక్కల స్థిరపడిన సంఘ కుటుంబాలవాళ్ళం. ఆరాధన అయ్యాక ఎవరైనా "మీదే ఊరండీ?" అంటే దివిసీమ అని చెబుతాం. "ఓ, ఉప్పెన వచ్చిన ఊరా!" అంటారు. అంతటితో పరిచయం అయిపోతుంది. అది నిజమే కాని, మా ఊరంటే అదొక్కటే కాదు.

నిజానికి మీకూ మాకూ చుట్టరికం కలిపింది కృష్ణమ్మే. సంతోష్‌నగర్ కుళాయిల్లో వచ్చేది నాగార్జునసాగర్ నుంచి పంపులతో ఎక్కించి తెచ్చే కృష్ణ నీరు. మనం వాడి వదిలిన నీళ్ళు మూసీలో పడితే, ఆ మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర మళ్ళీ కృష్ణలోనే కలుస్తుంది. అక్కడి నుంచి విజయవాడ ప్రకాశం బ్యారేజి దాటి, పులిగడ్డ దగ్గర ఏరు రెండుగా చీలి సముద్రానికి పోతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న నేలే దివిసీమ. దివి అంటే దీవి అనే అర్థం. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక మండలాలు ఇక్కడివే.

మా ఊళ్ళ పేర్లు చూస్తేనే నీటితో మా బ్రతుకు ఎలాంటిదో తెలుస్తుంది. హంసలదీవి, తలగడదీవి, నాగాయలంక, ఈలచెట్లదిబ్బ. దీవి, లంక, దిబ్బ అన్నీ నీళ్ళ మధ్య మనిషి కాలు మోపడానికి మిగిలిన చోట్ల పేర్లే. చుట్టూ ఇంత నీరున్నా బావి తవ్వితే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. పులిగడ్డ దగ్గర ఏటి మీదుగా కట్టిన అక్విడక్టులో కాలువ వస్తుంది. కింద ఏరు, పైన కాలువ! చిన్నపిల్లలకు అదొక వింత. ఆ కాలువ నీటితోనే వరి, ఆ నీటితో నింపిన చెరువులే తాగడానికి. కాలువకు చివర ఉన్నవాళ్ళం కనుక, నీళ్ళు తక్కువైన ఏడాది ముందు ఎండేది మా శివారు చేలే, వరద వచ్చిన ఏడాది ముందు మునిగేదీ మేమే. 2024 సెప్టెంబరులో బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినప్పుడు లంక ఊళ్ళవాళ్ళు గట్లెక్కి కూర్చున్నారు.

ఏటి ముఖాన మడ అడవులున్నాయి. 1989లో వాటిని కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. చేపలు పట్టుకు తినే బావురుపిల్లి అక్కడ తిరుగుతుంది. కార్తీకంలో కోతకు ముందు వరి చేలోనే మినుము చల్లుతారు. వరి కోసేసరికి కింద పచ్చగా మినుము మొక్క లేచి ఉంటుంది. దుక్కి ఖర్చు లేని పంట అది. రొయ్యలూ పీతలూ బొమ్మిడాయిల సంగతి మొదలుపెడితే ఈ పత్రిక పేజీలు చాలవు, కనుక ఆపేస్తున్నాం.

ఇక ఉప్పెన. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం లేచి ఊళ్ళ మీదుగా నడిచింది. సొర్లగొంది, హంసలదీవి వంటి తీరపు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవారు 10 వేల మంది అని ఒక లెక్క, 14 వేల పైచిలుకు అని మరో లెక్క. తాడిచెట్టు మొవ్వు పట్టుకుని తెల్లవార్లూ వేలాడినవాళ్ళు మా కుటుంబాల్లో ఉన్నారు. మా పెద్దలు ఇప్పటికీ సంవత్సరాలను "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తరువాత" అనే లెక్కపెడతారు. మదర్ థెరిసా వచ్చి చూసిపోయారు. మన సంఘాల తరఫున కాసా వంటి సంస్థలు తీరం వెంబడి తుపాను రక్షణ భవనాలు కట్టాయి. అవనిగడ్డకు చెందిన మండలి వెంకట కృష్ణారావు గారు ఆ రోజుల్లో చేసిన సేవను మావాళ్ళు తలవని రోజు లేదు. 1990 మే 9న మళ్ళీ అంత పెద్ద తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. ఈసారి ముందే హెచ్చరించి, లక్షల మందిని లేపి తరలించారు. చనిపోయినవారు వెయ్యికి లోపే. గాలి అంతే, సముద్రం అంతే. తేడా అంతా ముందు తెలియడంలోనూ, సమయానికి కదలడంలోనూ ఉంది.

సమయానికి కదలడం అనేసరికి మా దీవిలో మరో శత్రువు సంగతి చెప్పాలి. అది పాము. దానికి తుపాను హెచ్చరిక ఉండదు. వరి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. చేలల్లోకి నీరొస్తే రెండూ గట్ల మీదికీ ఇళ్ళల్లోకీ వస్తాయి. 2018 ఆగస్టులో అవనిగడ్డ పరిసరాల్లో ఒక్క నెలలోనే వందకు పైగా పాముకాటు కేసులు వచ్చాయి. జనం ఎంత భయపడ్డారంటే ఆ నెల 29న మోపిదేవి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. దేశం మొత్తానికి చూస్తే 2000 నుంచి 2019 వరకు ఏడాదికి సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఎక్కువమంది పల్లెల్లో, ఆస్పత్రికి చేరకుండా ఇంటి దగ్గరే పోయారు.

ఎందుకు చేరరు? ఒకటి, ఏరు. ఎదురుమొండి వంటి లంకలవారు తరతరాలుగా పంటు ఎక్కో పడవ ఎక్కో నాగాయలంక చేరారు. రాత్రి పూట పడవవాణ్ణి లేపాలి. రెండోది, మన మనసు. మా వైపు పాము అనరు, "పురుగు ముట్టింది" అంటారు. ముందు మంత్రం వేయిస్తారు, వేరు నమిలిస్తారు. కరిచిన పాముల్లో చాలా వాటికి విషం లేదు. విషమున్నది కూడా ఒక్కోసారి కరిచి విషం వదలదు. ఆ మనిషి లేచి కూర్చుంటే పేరు మంత్రానికి వస్తుంది.

మన విశ్వాసుల్లో కొందరు పౌలు సంగతి ఎత్తుతారు. మెలితే ద్వీపంలో మంటలో పుల్లలు వేస్తుండగా సర్పం చేతిని పట్టింది, ఆయనకు ఏ హానీ కాలేదు. అది దేవుని కార్యమే. అయితే ఆయన పక్కన వైద్యుడైన లూకా ఉన్నాడని కూడా గుర్తుంచుకోండి. ప్రార్థన ఆటోలోనూ చేయవచ్చు, పంటు మీదా చేయవచ్చు.

మన డాక్టర్లు చెప్పేదేమంటే, కరిచిన చోట కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. ఎముక విరిగినప్పటిలా కాలికో చేతికో బద్ద కట్టి కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకుని తీసుకెళ్ళండి. 108కి ఫోను చేయండి. పామును చంపి తేనక్కర లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజెక్షను పనిచేస్తుంది. మామూలుగా మొదట 10 సీసాల దాకా ఎక్కిస్తారు, పసివాళ్ళకైనా మోతాదు తగ్గించరు. ఎందుకంటే పాము పెద్దవాళ్ళకూ పిల్లలకూ విషం ఒకేలా వదులుతుంది. ఈ మందు కొందరికి పడదు, అందుకే ఆస్పత్రిలోనే ఇవ్వాలి. రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచితే డాక్టరు కంగారు లేకుండా కూర్చున్నారని కోప్పడకండి. రక్తం గడ్డ కట్టకపోతే అది పింజర విషమని తెలిసేది ఆ పరీక్షతోనే.

అన్నిటికన్నా మోసం కట్లపాముది. నేల మీద పడుకున్నవాళ్ళను రాత్రి కరుస్తుంది, నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. నిద్రమత్తు అనుకుని పడుకోబెడితే ఊపిరి ఆగిపోతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మనలో చాలామంది క్రిస్మస్‌కు పిల్లలతో ఊరెళతారు. అది సరిగ్గా మా దీవిలో కోతలు, కుప్పలు, నూర్పిళ్ళ కాలం. ఇల్లు చాలక వరండాలో చాపలు పరిచి అందరం పడుకుంటాం. వీలైతే మంచాలు అడిగి తెచ్చుకోండి. లేకపోతే దోమతెర కట్టి దాని అంచులు పరుపు కిందికి దోపండి. కేరల్స్‌కు రాత్రిళ్ళు గట్ల వెంట ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్ళు డప్పు, గిటారు మరిచిపోరు గానీ చెప్పులు, టార్చిలైటు మరిచిపోతారు. బూట్లు వేయించి పంపండి. ఊళ్ళో దిగిన రోజే, విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏదో, రాత్రి బండి ఎవరి ఇంట్లో ఉందో, లంక ఊరైతే పడవవాడి ఫోను నంబరు ఎంతో అడిగి గోడ మీద రాసి పెట్టండి.