బొమ్మల పుస్తకం నుంచి వెండితెరకు: ఒక పరిశీలన

నవల సినిమాగా వచ్చినప్పుడు ఏం పోయిందని అడగడం మనకు అలవాటు. నాలుగు వందల పేజీలను రెండున్నర గంటల్లోకి కుదించాలి గనుక ఏది ఉంచారు, ఏది తీసేశారు అన్నదే అక్కడ విమర్శకుడి లెక్క. పసిపిల్లల బొమ్మల పుస్తకం దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ తీసేయడానికి దాదాపు ఏమీ ఉండదు. చేర్చవలసిందే ఎక్కువ. కనుక ప్రశ్న కూడా మారాలి: ఏం చేర్చారు? ఆ చేర్పు ఎవరి పక్షాన నిలబడింది? నేను బాగా ఎరిగిన ఒక ఉదాహరణతో ఈ విషయం పరిశీలిస్తాను.

అమెరికన్ రచయిత, చిత్రకారుడు మారిస్ సెండాక్ 1963లో ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ అనే పుస్తకం వెలువరించాడు. మొత్తం 338 మాటలు. మాక్స్ అనే కుర్రవాడు తోడేలు వేషం వేసుకుని ఇంట్లో అల్లరి చేస్తాడు. తల్లి కసిరితే నిన్ను తినేస్తానంటాడు. ఆమె వాణ్ణి అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. ఆ గదిలోనే చెట్లు మొలిచి అడవి అవుతుంది. వాడు పడవెక్కి భూతాలుండే చోటికి వెళ్తాడు. రెప్ప వేయకుండా వాటి పసుపుపచ్చ కళ్ళలోకి చూసి లొంగదీసుకుంటాడు, రాజవుతాడు. గంతులన్నీ అయ్యాక వాటిని అన్నం పెట్టకుండా పడుకోమంటాడు. అప్పుడు ఒంటరితనం కమ్ముకుంటుంది. రాచరికం వదిలేసి తన గదికి తిరిగి వస్తాడు. అక్కడ భోజనం ఇంకా వేడిగానే ఉంటుంది.

ఈ చిన్న కథలో ఎంత సామాజిక సత్యం ఉందో చూడండి. సెండాక్ 1928లో బ్రూక్లిన్‌లో, పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు ఇంటికి వచ్చి బుగ్గలు గిల్లే బంధువులే ఆ భూతాలకు నమూనాలని ఆయనే చెప్పుకున్నాడు. అంటే భూతాలు మరెవరో కాదు, పెద్దవాళ్ళే. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అధికారం చేతికి రాగానే మాక్స్ ఏం చేశాడు? తనకు పడిన శిక్షనే తన కిందివాళ్ళకు వేశాడు. దీనిమీద రచయిత ఒక్క ముక్క వ్యాఖ్యానించడు. చూపించి ఊరుకుంటాడు. 1964లో పుస్తకానికి కాల్డెకాట్ పతకం వచ్చినా, పిల్లలు జడుసుకుంటారని, తల్లి అన్నం పెట్టకపోవడమేమిటని అభ్యంతరపెట్టిన పెద్దలు లేకపోలేదు. పిల్లల కోపాన్ని ఒప్పుకోవడం పెద్దలకు ఎప్పుడూ కష్టమే.

ఇక శిల్పం. మొదటి పేజీలో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్లటి ఖాళీ. మాక్స్ ఊహ పెరిగేకొద్దీ బొమ్మ పెరుగుతుంది, అక్షరాలను కిందికి నెట్టేస్తుంది. భూతాల గంతుల దగ్గర వరుసగా మూడుసార్లు రెండేసి పేజీల నిండా బొమ్మే, ఒక్క అక్షరం లేదు. చివరి పేజీలో బొమ్మే లేదు, కొన్ని మాటలు మాత్రమే.

మా పేట గ్రంథాలయంలో ఆదివారాలు నేను పిల్లలకు కథలు చదివి వినిపిస్తుంటాను. ఈ పుస్తకాన్ని తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళి, మాటల్లేని ఆ పేజీల దగ్గర ఆగిపోయాను. ఏం చెప్పాలో తోచలేదు. పిల్లలకు మాత్రం తోచింది. ఒకడు ఊళ పెట్టాడు. అంతవరకూ నోరు విప్పని ఒక పాప బల్ల మీద దరువు వేసింది. ఆ ఖాళీ నా కోసం కాదని, వాళ్ళ కోసమని నాకప్పుడు అర్థమైంది.

సినిమాకు ఈ సౌకర్యం లేదు. తెర మీద ఖాళీ ఉంటే ప్రేక్షకుడు దాన్ని తన గొంతుతో నింపే లోపలే తర్వాతి దృశ్యం వచ్చేస్తుంది. 1973లో జీన్ డైచ్ ఈ కథను కొద్ది నిమిషాల యానిమేషన్ చిత్రంగా తీశాడు. నిడివి చిన్నది గనుక పెద్దగా చేర్చవలసిన అవసరం రాలేదు. 2009లో స్పైక్ జోన్జ్ తీసినది 101 నిమిషాల కథాచిత్రం. దేవ్ ఎగర్స్‌తో కలిసి స్క్రిప్టు రాశాడు. సెండాక్ నిర్మాతల్లో ఒకడు. భూతాల వేషాలు తొడుక్కుని నిజమైన నటులు ఆస్ట్రేలియా అడవుల్లో, ఇసుక తిన్నెల్లో నటించారు. ముఖాల కదలికలు తర్వాత కంప్యూటరుతో చేర్చారు. ఖర్చు దాదాపు పదికోట్ల డాలర్లు. అంత పెట్టుబడి పెట్టినవాళ్ళు చిత్రం పిల్లలకు మరీ బరువుగా ఉందని జంకారు. 2008లో రావలసిన చిత్రం ఏడాది ఆలస్యమైంది. పుస్తకాన్ని చూసి పెద్దలు పడ్డ భయమే ఇక్కడ పెట్టుబడి భయంగా తిరిగి వచ్చింది. అయినా దర్శకుడు మాక్స్ కోపాన్ని తీపిచేయలేదు. అది ఆయన సాధించిన విజయం.

మరి చేర్పుల మాటేమిటి? పుస్తకంలో తల్లి మాటే వినిపిస్తుంది, మనిషి కనిపించదు. సినిమాలో ఆమె భర్త లేకుండా ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న ఉద్యోగిని. రాత్రిపూట ఇంట్లో కూడా ఆఫీసు పని చేసుకుంటుంటే, కొడుకు బల్ల కింద పడుకుని కథ చెబుతాడు. కోపానికి మూలం పిల్లవాడి స్వభావంలో కాక ఇంటి పరిస్థితుల్లో ఉందని చూపడం నా దృష్టిలో మంచి చేర్పు. రెండోది ఇంకా పదునైనది. విచారాన్ని దగ్గరికి రానివ్వనని మాక్స్ భూతాలకు మాట ఇచ్చి రాజవుతాడు. ఆ కిరీటాన్ని ఎముకల కుప్పలోంచి తీసి వాడి తలమీద పెడతారు. కోట కట్టిస్తాడు. కష్టాలు తీరవు, తగాదాలు పెరుగుతాయి, వాడు రాజు కాదన్న సంగతి బయటపడుతుంది. కష్టాల్లో ఉన్నవాళ్ళు రక్షకుడి కోసం వెతుక్కోవడం, అబద్ధపు రక్షకుడు దొరకడం పిల్లల కథకు మాత్రమే పరిమితమైన విషయం కాదు.

నష్టం కూడా చెప్పాలి. పుస్తకంలో శిక్ష వేసిన గదే అడవి అవుతుంది. నాలుగు గోడల మధ్య నిర్బంధించిన పిల్లవాడు ఆ గోడలనే ప్రపంచంగా మార్చుకుంటాడు. సినిమాలో మాక్స్ తల్లిని కొరికి వీధిలోకి పారిపోతాడు. గోడలు గోడలుగానే మిగిలిపోయాయి. ఊహాశక్తిని ప్రతిఘటనగా చూపిన ఆ ఒక్క బొమ్మను వదులుకోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది. పైగా భూతాలు అదేపనిగా తమ మనోవేదనను మాటల్లో పెడుతుంటే, బల్ల మీద దరువు వేసే చోటు పిల్లలకు దొరకదు.

అదే గ్రంథాలయంలో ఆ పిల్లలకే సినిమా చూపించాను. ఒక భూతం మరో భూతం చెయ్యి పీకేసినప్పుడు చిన్నవాళ్ళిద్దరు వచ్చి నన్ను ఆనుకుని కూర్చున్నారు. ఎవరూ ఊళ పెట్టలేదు. చివర మాక్స్ ఇంటికి వచ్చి అన్నం తింటుంటే, వాణ్ణే చూస్తూ కూర్చున్న తల్లి అలాగే నిద్రలోకి జారుకుంటుంది. దీపాలు వేశాక పదేళ్ళ కుర్రవాడొకడు, “వాళ్ళమ్మ పాపం కూర్చునే నిద్రపోయింది, మా అమ్మలాగే” అన్నాడు. వాళ్ళమ్మ రాత్రి పొద్దుపోయేదాకా మిషను కుడుతుంది.

పుస్తకం ఆ పిల్లలకు తమ కోపాన్ని ఇచ్చింది. సినిమా తల్లి అలసటను చూపించింది. అనుసరణ మూలానికి విధేయంగా ఉందా లేదా అన్న చర్చకన్నా, ఖాళీని నింపినవాడు దానిలో జీవితాన్ని పెట్టాడా, ఉత్త సందడిని పెట్టాడా అని చూడడం మన విమర్శకు అవసరం. పిల్లల కోసం రాసేవాళ్ళం, తీసేవాళ్ళం ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఎంత నింపినా, ఒక బల్లంత ఖాళీ వాళ్ళకు వదిలిపెట్టాలి.